పాపాయి తొలి ప్రయాణం

పిల్లలూ! మీలో ఎవరి ఇంటికైనా ఈమధ్య కొత్తగా తమ్ముడో చెల్లాయో వచ్చారా? వచ్చివుంటే, ఆ పసిగుడ్డును ఆసుపత్రి నుంచి ఇంటికి ఎలా తెచ్చారో జ్ఞాపకం చేసుకోండి. అమ్మమ్మ ఒడిలో పెట్టుకొని తెచ్చిందా? నాయనమ్మ పొత్తిళ్లలో చుట్టి గుండెలకు హత్తుకొని తెచ్చిందా? మన ఊళ్లలో చాలామంది అలాగే తెస్తారు. మా ఇంట్లోనూ అదే అలవాటు. కాని పోయిన ఏడు సంక్రాంతి సెలవుల్లో ఈ విషయం మీద మా ఇంట్లో పెద్ద తగాదా వచ్చింది. ఆ తగాదా తీర్చటానికి ఒక బొమ్మ లారీ, గుప్పెడు బంకమట్టి, ఒక జడ రిబ్బను కావలసివచ్చాయి. ఆ కథ చెబుతాను, వినండి.

నేను చాలా ఏళ్లు పంతులుగా పనిచేసి, హెడ్మాస్టరుగా రిటైరయినాను. మా కాపురం భద్రాచలంలో. మా అబ్బాయి ఉద్యోగం ఖమ్మంలో. మా అమ్మాయి తొలికాన్పు ఖమ్మంలోనే జరిగింది. ఆడపిల్ల పుట్టింది. బరువు మూడు కిలోలు. నాలుగు రోజుల తర్వాత తల్లినీ బిడ్డనూ పంపిస్తామని డాక్టరమ్మ చెప్పింది. వాళ్లను భద్రాచలం తీసుకుపోవాలి. ఖమ్మం నుంచి భద్రాచలానికి సుమారు 120 కిలోమీటర్లు. కొత్తగూడెం, పాల్వంచ దాటాక రోడ్డు పక్కన అడవి వస్తుంది. మా అల్లుడికి ఒక చిన్న కారున్నది. పాతదే అయినా బాగానే నడుస్తుంది.

ఆ సాయంకాలం అల్లుడు బజారుకు వెళ్లి ఒక బేబీ సీటు కొనితెచ్చాడు. చేటకు లోతు పెంచి, పైన ఒక పిడి తగిలించి, లోపల పట్టీలు కుట్టినట్టుగా ఉన్నది. దాన్ని చూసి మా ఇంటావిడ ముక్కున వేలు వేసుకున్నది.

"ఇదేమిటి నాయనా! పసిగుడ్డును బుట్టలో పెట్టి కట్టేస్తారా? ఇంతమంది పిల్లల్ని పెంచాను. ఒడికన్నా భద్రమైన చోటు ఇంకేమున్నది?" అన్నది.

"డాక్టరమ్మ తప్పకుండా కొనమన్నది, అత్తయ్యగారూ!" అని అల్లుడు నసిగాడు.

మా మనవడు అయిదో తరగతి చదువుతున్నాడు. వాడు నా దగ్గరకు వచ్చి, "తాతయ్యా, నాయనమ్మ చెప్పింది నిజమేనా?" అని అడిగాడు.

"ఇంట్లో కూర్చున్నప్పుడు నిజమేరా. కాని కారులో కూర్చున్న ఒడి కారుతోపాటు పరుగెత్తుతూ ఉంటుంది. పరుగెత్తే ఒడి సంగతి వేరు. నీ బొమ్మ లారీ తీసుకురా, చూద్దాం," అన్నాను.

ఈ ప్రయోగం మీరు కూడా ఇంట్లో చేయవచ్చు. నాలుగైదు పుస్తకాలు దొంతిగా పెట్టి, వాటిమీద ఒక చెక్కను ఏటవాలుగా ఆనించాము. చెక్క దిగువన ఒక ఇటుక పెట్టాము. బంకమట్టితో చిన్న పాపాయి బొమ్మను చేసి లారీ మీద కూర్చోబెట్టి, చెక్క పైనుంచి లారీని వదిలాము. లారీ జరజర దిగి ఇటుకకు కొట్టుకొని ఆగిపోయింది. కాని బొమ్మ ఆగలేదు! అది ఎగిరి ఇటుక అవతల పడింది.

"లారీ ఆగినా బొమ్మ ఎందుకు ఆగలేదు?" అన్నాడు మనవడు.

ఎందుకంటే, కదిలే వస్తువు ఏదైనా, మరొకటి వచ్చి ఆపేదాకా కదులుతూనే ఉంటుంది. ఈ గుణాన్ని జడత్వం అంటారు. దీన్ని న్యూటన్ 1687లో తన గ్రంథంలో మొదటి సూత్రంగా చెప్పాడు. ఇటుక లారీని ఆపింది. బొమ్మను ఆపేవాళ్లెవరూ లేరు.

రెండోసారి బొమ్మను సన్నని దారంతో లారీకి కట్టాము. ఈసారి బొమ్మ ఎగిరిపోలేదు. కాని దారం మట్టిలోకి కోసుకుపోయింది. మూడోసారి దారానికి బదులు వెడల్పయిన జడ రిబ్బనుతో కట్టాము. బొమ్మ మీద కొంచెం నొక్కు పడింది గాని కోత పడలేదు. కాని తల ముందుకు వాలి మెడ సాగింది. నాలుగోసారి బొమ్మ వీపు లారీ ముందువైపుకు ఉండేట్టు తిప్పి, వీపు వెనక ఒక గట్టి అట్టముక్క నిలబెట్టి, రిబ్బను కట్టి వదిలాము. లారీ ఇటుకకు కొట్టుకున్నది. బొమ్మ అట్టకు ఆనుకొని చెక్కుచెదరకుండా ఉన్నది. మెడ కూడా సాగలేదు!

మా ఇంటావిడ కూరగాయలు తరుగుతూ ఇదంతా ఓరకంట చూస్తూనే ఉన్నది. కాని ఏమీ అనలేదు.

ఇప్పుడొక చిన్న లెక్క చెబుతాను. కారు గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్నదనుకోండి. మన రోడ్ల మీద ఇది పెద్ద వేగమేమీ కాదు. అంటే సెకనుకు దాదాపు 14 మీటర్లు. అది దేనికైనా ఢీకొని, ముందుభాగం అర మీటరు మేర నలిగి ఆగిపోయిందనుకోండి. అలా ఆగటానికి సెకనులో పదో వంతు కూడా పట్టదు. ఆ క్షణంలో కారులోని ప్రతి వస్తువునూ ఆపటానికి, దాని బరువుకు సుమారు 20 రెట్ల బలం కావాలి. మూడు కిలోల పాపాయిని ఆపాలంటే 60 కిలోల బరువును పట్టి నిలిపేటంత బలం కావాలన్నమాట. 50 కిలోల బియ్యం బస్తాను ఎవరైనా చెప్పాపెట్టకుండా మీ చేతుల్లో పడేస్తే పట్టుకోగలరా? ఇది అంతకన్నా ఎక్కువ. ఎంత బలవంతుడికైనా చేతులు విడిపోతాయి. ప్రేమ తక్కువై విడిపోవు పిల్లలూ, బలం చాలక విడిపోతాయి.

ఇంకో విధంగా చెబుతాను. 50 కిలోమీటర్ల వేగంతో గోడకు కొట్టుకోవటం, సుమారు 10 మీటర్ల ఎత్తు నుంచి నేలమీద పడటంతో సమానం. పది మీటర్లంటే మూడంతస్తుల మేడ!

"అట్లయితే అత్త తన బెల్టునే పాపాయికి కూడా కలిపి పెట్టుకుంటే పోదా?" అన్నాడు మనవడు.

తెలివైన ప్రశ్నే గాని, అది మరీ ప్రమాదం. కారు ఆగినప్పుడు తల్లి శరీరం కూడా ముందుకు వస్తుంది. అప్పుడు ఆ బరువంతా బెల్టుకూ తల్లికీ నడుమ ఉన్న బిడ్డ మీద పడుతుంది. అందుచేత ఒక బెల్టులో ఇద్దరు ఎన్నడూ కూర్చోరాదు.

ఇక వీపు ముందుకు తిప్పి కూర్చోబెట్టడమెందుకో వినండి. పెద్దవాళ్ల తల వాళ్ల ఎత్తులో ఏడెనిమిదో వంతు ఉంటుంది. అప్పుడే పుట్టిన బిడ్డకు తలే నాలుగో వంతు! అంత పెద్ద తలను మోసే మెడ మాత్రం ఇంకా లేతది. అందుకే గదా పసిపిల్లను ఎత్తుకునేటప్పుడు మెడ కింద చెయ్యి పెట్టమని పెద్దలు చెబుతారు. ముఖం ముందుకు పెట్టి కూర్చోబెడితే, కారు ఆగినప్పుడు పట్టీలు ఒంటిని పట్టుకుంటాయి గాని తల ముందుకు విసురుగా పోతుంది. వెనక్కు తిప్పితే తల, మెడ, వీపు మూడూ కలిసి సీటు వీపుకు ఆనుకుంటాయి. సీటే పెద్ద అరచెయ్యిలాగా కాస్తుంది.

ఈ ఉపాయం బెర్టిల్ ఆల్డ్‌మన్ అనే స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞుడికి తట్టింది. అమెరికావాళ్ల జెమిని వ్యోమగాములు రాకెట్ పైకి లేచేటప్పుడు వెల్లకిల పడుకొని ఉండేవారు. అట్లా ఉంటే ఆ ఒత్తిడి ఒకచోట పడక వీపంతా సర్దుకుంటుంది. పసిపిల్లలకూ ఇదే పద్ధతి ఎందుకు పనికిరాదని ఆయన ఆలోచించాడు. వెనక్కు తిరిగిన పిల్లల సీటు తొలి నమూనాను 1964లో పరీక్షించారు. మనం ఇప్పుడు పెట్టుకునే మూడు చోట్ల బిగించే బెల్టు కూడా ఆ దేశం నుంచి వచ్చినదే. దాన్ని 1959లో నీల్స్ బోలిన్ అనే ఇంజనీరు తయారుచేశాడు.

ఇంతవరకూ బాగానే ఉన్నది. మర్నాడు పొద్దున సీటును కారులో బిగించబోయినాము. అప్పుడు తెలిసింది అసలు చిక్కు!

ఇటువంటి సీటును బిగించే పద్ధతి ఇది. వెనక సీటు బెల్టును పూర్తిగా బయటికి లాగి, నడుముకు పెట్టుకునే భాగాన్ని బేబీ సీటు రెండు పక్కల ఉన్న కొక్కేల కింద నుంచి పోనివ్వాలి. భుజానికి పెట్టుకునే భాగాన్ని సీటు వీపు వెనక నుంచి తిప్పి తేవాలి. తరువాత తాళంలో గుచ్చాలి. మేము అంతా చేశాము. కాని బెల్టు తాళానికి నాలుగు వేళ్ల దూరంలో ఆగిపోయింది! చిన్న కార్లలో, అందులోనూ పాతవాటిలో, ఈ చిక్కు వస్తూనే ఉంటుంది. వెనక బెల్టు పొట్టిదైతే, వెడల్పు సీటు చుట్టూ తిరిగి రాదు.

"ఒక తాడు ముక్క కలిపి కడితే సరిపోతుంది," అన్నాడు పక్కింటాయన.

"ముందు సీటు బెల్టు పొడుగు గదా, అక్కడ పెడదాం," అన్నాడు అల్లుడు.

రెండూ కూడదన్నాను. తాడు ముడి ఆ అదటుకు ఊడిపోతుంది. ఇక ముందు సీటు ఎదుట గాలిసంచి ఉన్నది. దాన్నే ఎయిర్‌బ్యాగ్ అంటారు. కారు ఢీకొన్నప్పుడు అది సెకనులో ఇరవయ్యో వంతు కాలంలో ఉబ్బి బయటికి వస్తుంది. పెద్దవాళ్లను కాపాడే ఆ సంచి, వెనక్కు తిరిగివున్న బేబీ సీటు వీపును బలంగా గుద్దుతుంది. బిడ్డ తల సరిగ్గా అక్కడే ఉంటుంది. గాలిసంచి పనిచేస్తూ ఉన్న ముందు సీటులో ఇట్టి సీటును ఎన్నడూ పెట్టరాదు.

చివరకు సీటును కారులోనే వేసుకొని దుకాణానికి పోయినాము. దుకాణదారు మంచివాడు. ఒక్కొక్క సీటూ తెచ్చి మా కారులో పెట్టి చూడనిచ్చాడు. రెండోది కూడా కుదరలేదు. మూడోదానికి బెల్టు చక్కగా అందింది. చెప్పులు కొనేటప్పుడు కాలు పెట్టి చూస్తాము గదా! బేబీ సీటుకు కాలు మన కారే. కొనకముందే అందులో పెట్టి చూడాలి. ఈ పని బిడ్డ పుట్టకముందే చేసివుంటే మాకు ఆ హడావిడి ఉండేది కాదు.

కొత్త కార్లు చాలావాటిలో వెనక సీటు మడతలో రెండు ఉక్కు కడ్డీలు ఉంటాయి. వాటికి తగిన సీటు అయితే ఠక్కున తగిలించవచ్చు. ఆ ఏర్పాటును ఐసోఫిక్స్ అంటారు. మా కారుకు అది లేదు. లేకపోయినా, బెల్టును సరిగా వేస్తే చాలును.

సీటు బిగించిన తర్వాత మనవడూ నేనూ నాలుగు పరీక్షలు చేశాము.

మొదటిది, కుదుపు. బెల్టు పోయే చోట సీటును పట్టుకొని అటూ ఇటూ ఊపాలి. అంగుళం కన్నా ఎక్కువ కదలరాదు. మొదటిసారి మాది మూడంగుళాలు కదిలింది. సీటు మీద అరచేత్తో బలంగా నొక్కిపట్టి, రెండో చేత్తో బెల్టు సందు లేకుండా లాగాము. అప్పుడు నిలిచింది.

రెండోది, వాలు. పసిబిడ్డకు సీటు మరీ నిటారుగా ఉంటే తల ముందుకు వాలి గడ్డం రొమ్మును తాకుతుంది. మీరు బొప్పాయి ఆకు కాడతో బూర ఊదుతారు గదా? ఆ కాడను వంచితే గాలి ఆడదు. బిడ్డ గొంతులోని గాలిగొట్టం కూడా అట్లాగే లేతది. అందుకని సీటు తగినంత వెనక్కు వాలి ఉండాలి. మా సీటు పక్కన ఒక గీత ఉన్నది. బండి చదునైన నేలమీద ఉన్నప్పుడు ఆ గీత నేలకు సమంగా ఉండాలని బుక్కులో రాశారు. మనవడు సగం నీళ్లున్న సీసాను దాని పక్కన పెట్టాడు. సీసాలో నీటిమట్టం, సీటు మీది గీత ఒకటిగా ఉన్నాయి!

మూడోది, ముందు సీటు. చిన్న కారులో బేబీ సీటుకు చోటు చాలదు. ఎడమవైపు ముందు సీటును కొంచెం ముందుకు జరపవలసివచ్చింది. అయితే అక్కడ కూర్చునేవాళ్లకూ ఎదుటి పలకకూ మధ్య అడుగుకు పైగా ఖాళీ ఉండి తీరాలి. మా ఇంటావిడ పొట్టి మనిషి కనుక ఆ సీటు ఆమెకు సరిపోయింది. మన దేశంలో బండ్లు ఎడమపక్కన నడుస్తాయి. అందుచేత ఎడమ తలుపు తీసి బిడ్డను ఎక్కించినా దించినా, వచ్చేపోయే బండ్ల బెడద ఉండదు.

నాలుగోది, లోపలి పట్టీలు. వెనక్కు తిరిగిన సీటులో ఇవి బిడ్డ భుజాల ఎత్తున గాని, కొంచెం కింద గాని ఉన్న కంతల నుంచి రావాలి. తాళం కాళ్ల నడుమ వస్తుంది. అందుచేత బిడ్డను పొత్తిళ్లలో చుట్టి అందులో పెట్టరాదు. ఉన్ని కోటు కూడా కూడదు. దాని మందం వల్ల పట్టీ బిగిసినట్టు కనిపిస్తుంది గాని నిజంగా బిగియదు. పలుచని చొక్కా తొడిగి, పట్టీలు బిగించి, చలివేస్తే ఆ తర్వాత పైన దుప్పటి కప్పాలి. భుజం దగ్గర పట్టీని రెండు వేళ్లతో గిల్లి చూడాలి. మడత చేతికి రాకపోతే సరిగా బిగిసినట్టు.

నాలుగో రోజు పొద్దున బయలుదేరారు. అల్లుడు తోలుతున్నాడు. వెనక పాపాయి, ఆ పక్కన మా అమ్మాయి. ముందు మా ఇంటావిడ. అందరూ బెల్టులు పెట్టుకున్నారు. ఇక చోటులేదు గనుక నేనూ మనవడూ ఆర్.టి.సి. బస్సు ఎక్కాము.

పసిబిడ్డను ఎక్కువసేపు ఆ సీటులో ఉంచరాదు. తొలి వారాలలో అరగంటకొకసారి ఆపి, బయటికి తీసి, పాలిచ్చి, కాసేపు చదునుగా పడుకోబెట్టడం మంచిది. వాళ్లు అలాగే ఆగుతూ వచ్చారు. అందుచేత బస్సులో వచ్చిన మేమే ముందు ఇల్లు చేరాము. గోదావరి వంతెన దాటి వాళ్లు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. మా ఇంటావిడ కారు దిగి, కాళ్లు కడుక్కొని, అరుగుమీద కూర్చున్నది. కొంచెం సేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఇలా చెప్పింది:

"పాల్వంచ దాటాక అడవిలో ఒక మలుపు దగ్గర మేకల మంద ఒక్కసారిగా రోడ్డు మీదికి వచ్చింది. అల్లుడు గట్టిగా బ్రేకు వేశాడు. వెనక సీటు మధ్యలో టిఫిన్ క్యారియర్ పెట్టాం గదా, అది ఎగిరివచ్చి ముందు సీటుకు కొట్టుకొని గిన్నెలన్నీ ఊడిపోయినాయి. నా చేతులు రెండూ వాటంతటవే ముందుకు పోయినాయి. ఆ చేతుల్లో పిల్ల ఉంటే..."

ఆమె మాట పూర్తిచేయలేదు.

"పాపాయి ఏం చేసింది, నాయనమ్మా?" అన్నాడు మనవడు.

"ఏం చేస్తుంది! నిద్ర కూడా లేవలేదు," అన్నది.

కారు దేనికీ ఢీకొనలేదు పిల్లలూ; ఊరికే బ్రేకు వేశారంతే. దానికే మూడు నాలుగు కిలోల క్యారియర్ ఎగిరింది. ఆనాటి నుంచి మా అల్లుడు బరువైన వస్తువులన్నీ డిక్కీలోనే పెడుతున్నాడు.

కార్లు లేనివాళ్ల సంగతి ఏమిటని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. మా భద్రాచలం ఆసుపత్రికి చుట్టుపక్కల అడవి గూడేల నుంచి తల్లులు కాన్పుకు వస్తారు. సరిహద్దు అవతల ఛత్తీస్‌గఢ్ నుంచి కూడా వస్తారు. కొన్ని గూడేలకు బండి పోయే దారి లేక, నిండు చూలాలిని డోలీ కట్టి మోసుకొచ్చిన సంగతులు పత్రికలలో చదువుతూనే ఉంటాము. వేల రూపాయల సీటు కొనమని వాళ్లకు చెప్పటం తగదు. కాని ఎవరైనా చేయగల పనులు కొన్ని ఉన్నాయి. తల్లీబిడ్డలను మోటారు సైకిలు మీద తీసుకుపోకుండా 102 బండికి ఫోను చేసి అడగవచ్చు. ఆటోలోగాని కారులోగాని పోవలసివస్తే తల్లి వెనక సీటులో లోపలికి కూర్చోవాలి. కారు అయితే తల్లి తాను బెల్టు పెట్టుకొని, బిడ్డను ఆ బెల్టుకు బయటనే ఎత్తుకోవాలి. ఇది బేబీ సీటుకు సమానం కాదు, ఉన్నంతలో మేలు. అన్నిటికన్నా ముఖ్యం, తోలేవాడు నెమ్మదిగా తోలాలి. వేగం సగానికి తగ్గితే దెబ్బ శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది. నెమ్మదికి ఖర్చేమీ లేదు.

ఎవరైనా వాడిన సీటు ఇస్తే, అది ఇదివరకు ప్రమాదంలో ఉన్నదేమో కనుక్కోండి. ఉంటే తీసుకోకండి, పైకి కనిపించని పగుళ్లు లోపల ఉండవచ్చు. ఇంటికి చేరగానే బిడ్డను సీటులోనే నిద్రపోనివ్వక, తీసి పక్కమీద వెల్లకిల పడుకోబెట్టాలి. ఎండలో ఆపిన కారులో పసివాళ్లను ఒక్క నిమిషమైనా వదలరాదు.

మన చట్టం కూడా ఇదే చెబుతున్నది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం, 14 ఏళ్ల లోపు పిల్లలను బెల్టు గాని, పిల్లల సీటు గాని లేకుండా తీసుకుపోతే 1,000 రూపాయల జరిమానా. 2023 అక్టోబరు నుంచి మన దేశంలోనే కార్లను ఢీకొట్టించి పరీక్షించే భారత్ ఎన్‌క్యాప్ మొదలయింది. అందులో పెద్దవాళ్ల రక్షణకు వేరుగా, పిల్లల రక్షణకు వేరుగా నక్షత్రాలు ఇస్తారు. కారు కొనేటప్పుడు మీ నాన్నగారిని రెండో లెక్క కూడా చూడమని చెప్పండి.

మూడో నెలలో పాపాయి తన తండ్రిగారింటికి బయలుదేరింది. ఈసారి సీటును బిగించింది మా మనవడు కాదు, నేనూ కాదు. మా ఇంటావిడే సీటును ఊపి చూసింది, భుజం దగ్గర పట్టీని గిల్లి చూసింది. పాపాయి బుగ్గన దిష్టిచుక్క పెట్టింది. వేలికి ఇంకా కొంచెం కాటుక మిగిలితే, దాన్ని సీటు పిడి మీద కూడా పెట్టింది.